సిసిలీ గుళ్లు: ఏవి నిలిచాయి, ఏవి కూలాయి, ఎందుకు

ఇటలీ దక్షిణాన ఉన్న సిసిలీ దీవిలో గ్రీకు ఆలయాలు చూడబోయేవాళ్లు ముందుగా ఒక సంగతి తెలుసుకుని వెళ్తే మంచిది. ఇవాళ దూలాల దాకా నిలబడి ఉన్న గుళ్లు మిగతావాటికన్నా గట్టిగా కట్టినవేమీ కావు. అన్నిటికీ అదే సున్నపురాయి, అదే పనితనం, అవే భూకంపాలు. నిలిచినవాటిలో ముఖ్యమైనవి తర్వాత వచ్చిన మతానికి పనికొచ్చాయి. పనికిరానివి రాతి గనులైపోయాయి. సెజెస్తా గుడి ఒక్కటే ఈ లెక్కకు లొంగదు. దాని సంగతి వేరు.

కాలం ముందు చెప్పుకుందాం. కొరింథ్ నుంచి వచ్చినవాళ్లు క్రీ.పూ. 733 ప్రాంతంలో సిరక్యూస్ కట్టారు. రోడ్స్, క్రీట్ ద్వీపాలవాళ్లు క్రీ.పూ. 688లో గెలా కట్టారు. గెలావాళ్లే క్రీ.పూ. 580 ప్రాంతంలో అక్రగాస్ కట్టారు. ఇవాళ్టి అగ్రిజెంటో అదే. పడమటి కొసన ఫినీషియన్లు ఉండేవాళ్లు, వాళ్ల పక్కనే ఎలిమియన్లనే స్థానిక జాతి, సెజెస్తా వాళ్ల ఊరే. క్రీ.పూ. 480లో హిమెరా దగ్గర సిరక్యూస్ ఏలిక గెలోన్, అక్రగాస్ ఏలిక థెరోన్ కలిసి ఉత్తర ఆఫ్రికా నగరం కార్తేజ్ సైన్యాన్ని ఓడించారు. కొల్లసొమ్ము వచ్చింది, దాంతోపాటు వేలమంది బందీలూ దొరికారు. అక్రగాస్‌లో గుళ్లకు రాయి కొట్టిందీ, ఊరి కింద నీటి కాలువలు తవ్విందీ ఆ బందీలేనని ప్రాచీన చరిత్రకారుడు డియోడోరస్ రాశాడు. ఆ కట్టడాల సందడి క్రీ.పూ. 409లో, 406లో కార్తేజ్ తిరిగి దండెత్తి వచ్చేదాకా సాగింది. సిసిలీలో మనం చూసే పెద్ద గుళ్లలో చాలా భాగం ఈ డెబ్భై ఏళ్ల పనే. నైరుతి తీరంలోని గ్రీకు ఊరు సెలినుంటేలో కొన్ని, సిరక్యూస్‌లో అపోలో గుడి వీటికన్నా పాతవి.

రాయి ఎలా వచ్చింది

గుడి ఎలా కట్టారో తెలియాలంటే గుడి కన్నా ముందు గని చూడాలి. సెలినుంటేకి పది కిలోమీటర్ల పైచిలుకు దూరంలో కావె ది కూసా అనే చోటు ఉంది. ఆలివ్ చెట్ల మధ్య, కొండవాలులో సగం చెక్కిన స్తంభపు దిమ్మెలు ఇంకా నేలకు అంటుకునే ఉన్నాయి. క్రీ.పూ. 409లో సెలినుంటే మీద దాడి జరిగిందని తెలిసి పని ఎక్కడిదక్కడ వదిలేశారని చెబుతారు. దిమ్మెల స్థితి చూస్తే పని దశలన్నీ వరుసగా కనిపిస్తాయి.

మొదట రాతి మీద వృత్తం గీస్తారు. దాని చుట్టూ మనిషి దిగి పనిచేసేంత వెడల్పుగా కందకం తవ్వుతారు. ఉలితో కిందికి దిగుతూ పోతే నడిమధ్యన నిలువుగా దిమ్మె మిగులుతుంది. అనుకున్న లోతుకు వచ్చాక అడుగున చీలలు దిగగొట్టి నేల నుంచి విడదీస్తారు. రాయిలో పొరలు అడ్డంగా సాఫీగా ఉంటే దిమ్మె శుభ్రంగా ఊడుతుంది. పొర వంకరైతే అంచు పగిలి పని మొత్తం వృథా అవుతుంది. అందుకే గని ఎంచుకోవడంలోనే సగం నైపుణ్యం ఉంది.

ఈ దిమ్మెలు ఏ గుడికో పరిమాణమే చెబుతుంది. సెలినుంటేలో పండితులు జి అక్షరంతో పిలిచే గుడి ముందువైపు 8, పక్కన 17 స్తంభాలతో, సుమారు 110 మీటర్ల పొడవు, 50 మీటర్ల వెడల్పుతో మొదలైంది. కానీ పూర్తికాలేదు. దాని స్తంభాల అడుగు అడ్డకొలత 3 మీటర్లకు దగ్గరగా వస్తుంది. 3 మీటర్ల అడ్డం, 2 మీటర్ల ఎత్తు ఉన్న దిమ్మె సుమారు 14 ఘనమీటర్లు. ఘనమీటరు 2 టన్నులనుకుంటే 28 టన్నులు. దాన్ని మామూలు బండి మీద ఎక్కిస్తే ఇరుసు విరుగుతుంది, చక్రాలు మట్టిలో దిగబడతాయి. ఎఫెసస్‌లో ఇలాంటి చోట రాయినే చక్రంగా మార్చి దొర్లించారని రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ రాశాడు. స్తంభపు కాండానికి రెండు చివర్లా ఇనుప కడ్డీలు దిగ్గొట్టి, చుట్టూ చెక్క చట్రం బిగించి, ఎద్దులతో లాగించారు. కూసా దిమ్మెలూ ఇంచుమించు ఇలాగే వెళ్లి ఉంటాయని పండితుల అంచనా.

ఊరు చేరిన రాయిని పైకెత్తడం మరో పని. దీనికి రెండు సాక్ష్యాలు కళ్లముందే ఉన్నాయి. సెజెస్తా గుడి మెట్ల రాళ్ల మీద పిడికెడంత బొడిపెలు పొడుచుకొచ్చి ఉంటాయి. అవి మోకు తగిలించడానికి వదిలిన రాయి. పని పూర్తయ్యాక చెక్కేయాలి, కానీ చెక్కలేదు. అగ్రిజెంటోలో జ్యూస్ గుడి దగ్గర పడి ఉన్న రాళ్లకు రెండు చివర్లా లాడం ఆకారంలో లోతైన గాడి ఉంటుంది. మోకు ఆ గాడిలో కూర్చుంటుంది, కప్పీతో లాగితే జారదు. రాయిని పక్కరాయికి ఆనించి దించాక తాడు సులువుగా పైకి లాగేయొచ్చు. బొడిపె పద్ధతిలో తర్వాత చెక్కే పని మిగులుతుంది, గాడి పద్ధతిలో మిగలదు. అంత పెద్ద కట్టడానికి గాడినే ఎంచుకోవడం తెలివైన నిర్ణయం.

స్తంభం నిలువునా ఉండే గాడులు ఆఖరున చెక్కుతారు. ఈ గుళ్ల శైలి డోరిక్, ఆ స్తంభానికి మామూలుగా 20. రెండు గాడుల మధ్య అంచు కత్తిలా సన్నగా ఉంటుంది కాబట్టి ముందే చెక్కితే ఎత్తేటప్పుడు విరుగుతుంది. సెజెస్తాలో 36 స్తంభాలూ నున్నగా, కాస్త బొద్దుగా కనిపించడానికి కారణం ఇదే. రక్షణ కోసం వదిలిన పైపొర ఇంకా తీయలేదు. దాన్ని ఎలిమియన్ల ప్రత్యేక శైలి అనుకుని మెచ్చుకునే ప్రయాణికులు ఇప్పటికీ ఉన్నారు. అది శైలి కాదు, ఆగిపోయిన పని.

ఆ గుడికి గర్భగుడి కూడా లేదు. చుట్టూ స్తంభాలు, దూలాలు, త్రికోణపు ముఖాలు ఉన్నాయి, మధ్యలో గడ్డి. అసలు గర్భగుడి కట్టే ఉద్దేశమే లేదని, అది ఆకాశం కింద పూజకు కట్టిన ప్రాకారమని చాలాకాలం వాదించారు. తవ్వకాల్లో లోపల పునాదుల ఆనవాళ్లు దొరికాయి కాబట్టి మామూలు గ్రీకు గుడే కట్టబోయి ఆపేశారన్న మాటే నిలుస్తుంది. సెజెస్తావాళ్లకు అప్పట్లో గుడి కన్నా పెద్ద బెంగలున్నాయి. సెలినుంటేతో తగువులో ఏథెన్స్ సాయం కోసం వాళ్లు దూతల ముందు గొప్పలకు పోయారని ఏథెన్స్ చరిత్రకారుడు తుసిడిడీస్ రాశాడు. ఇరుగుపొరుగు ఊళ్ల నుంచి వెండి, బంగారు పాత్రలు అరువు తెచ్చి, అవే పాత్రలను ఒక విందు తర్వాత మరో విందులో పెట్టి ఐశ్వర్యవంతుల్లా కనిపించారు. ఆ మాటలు నమ్మి క్రీ.పూ. 415లో బయల్దేరిన ఏథెన్స్ నౌకాదళం రెండేళ్లకు సిరక్యూస్ దగ్గర సర్వనాశనమైంది.

మరి సెజెస్తా గుడి ఎందుకు నిలిచింది? ఊరు తర్వాత ఖాళీ అయింది, దగ్గర్లో పెద్ద పట్నం పెరగలేదు, రాయి ఎత్తుకెళ్లే అవసరం ఎవరికీ రాలేదు. కప్పు ఎప్పుడూ వేయలేదు కాబట్టి కాలి కూలే కప్పు కూడా లేదు.

మూల స్తంభం చిక్కు

గుడి చుట్టూ తిరిగేటప్పుడు స్తంభాల మధ్య ఎడం అడుగులతో కొలిచి చూడండి. నడుమ ఉన్న ఎడం కన్నా మూలల దగ్గర ఎడం తక్కువగా వస్తుంది. డోరిక్ పద్ధతిలో దూలం పైన ఒక పట్టీ ఉంటుంది. మూడు నిలువు గీతల పలక, దాని పక్కన ఖాళీ పలక లేదా శిల్పం, మళ్లీ గీతల పలక. గీతల పలక ప్రతి స్తంభం నడిమధ్యకు రావాలన్నది నియమం. పట్టీ చివర కూడా గీతల పలకతోనే ముగియాలన్నది మరో నియమం. గీతల పలక కింది దూలం మందం కన్నా సన్నం. అందుకని మూలలో ఈ రెండు నియమాలూ ఒకేసారి కుదరవు. పలకను మూలకు జరిపితే పక్కనున్న ఖాళీ పలక వెడల్పయి వికారంగా ఉంటుంది. దానికి విరుగుడుగా మూల స్తంభాన్నే లోపలికి జరిపారు. సిసిలీ శిల్పులు ఇంకో అడుగు వేశారు. తేడా అంతా ఒక్క ఎడంలో వేస్తే కంటికి దొరికిపోతుందని చివరి రెండు ఎడాలకూ పంచారు. సిరక్యూస్‌లో గెలోన్ కాలపు అథీనా గుడిలో, అగ్రిజెంటోలో కాంకర్డ్ గుడిలో ఈ లెక్క కనిపిస్తుంది. శిల్పాల కన్నా ఇదే చూడదగ్గది అంటాను. లెక్క తెలిసిన మేస్త్రీ చెయ్యి ఇక్కడే తెలుస్తుంది.

ఇంకొకటి. ఇవాళ మనకు తేనెరంగులో కనిపించే గరుకు రాయిని ఆనాటివాళ్లు అలా వదల్లేదు. అగ్రిజెంటో రాయిలో సముద్రపు గవ్వల గుల్లలు నిండా ఉంటాయి, గాలికీ ఉప్పుకూ గుంటలు పడుతుంది. అందుకే తెల్లని సన్నపు గచ్చు పూసి, పైభాగంలో ఎరుపు, నీలం రంగులు వేశారు. ఆ పూత పోయాకే రాయి అరుగుదల మొదలైంది.

బయటి గుడిని లోపలి గుడిగా తిప్పడం

గ్రీకు గుడిలో జనం లోపలికి గుంపుగా వెళ్లరు. బలిపీఠం బయట, తూర్పున ఉంటుంది. పూజ, బలి, విందు అన్నీ అక్కడే. గర్భగుడి విగ్రహానిది, కానుకలది. చర్చికి ఇది సరిగ్గా ఎదురు, జనం కప్పు కిందే చేరాలి. ఇరుకైన గర్భగుడి గది అందుకు చాలదు. ఈ చిక్కుకు ఆరు, ఏడు శతాబ్దాల్లో సిసిలీ మేస్త్రీలు కనిపెట్టిన ఉపాయం మెచ్చదగ్గది. బయటి స్తంభాల మధ్య ఖాళీలను గోడతో మూసేశారు. లోపలి గర్భగుడి గోడలకు వరసగా కమానులు కోశారు. బయటి వరండాలు చర్చి పక్క నడవలయ్యాయి, గర్భగుడి నడిమి శాల అయింది. కొత్త పునాది అక్కర్లేదు, కొత్త రాయి తక్కువ.

దిక్కు కూడా తిప్పాల్సి వచ్చింది. గ్రీకు గుడి వాకిలి తూర్పుకు ఉంటుంది. క్రైస్తవ వేదిక తూర్పున ఉండాలి, అంటే వాకిలి పడమటికి మారాలి. దానికోసం గర్భగుడి వెనక గోడను కొట్టేశారు.

అగ్రిజెంటో కాంకర్డ్ గుడి దీనికి మంచి పాఠం. క్రీ.పూ. 440–430 ప్రాంతంలో కట్టారు. ముందు 6, పక్కన 13 స్తంభాలు, ఒక్కొక్కటి సుమారు 6.7 మీటర్లు, స్తంభాల వేదిక సుమారు 17 × 39.5 మీటర్లు. ఏ దేవతదో తెలియదు. కాంకర్డ్ అన్న పేరు 16వ శతాబ్దంలో ఫజెల్లో అనే చరిత్రకారుడు, దగ్గర్లో దొరికిన సంబంధంలేని లాటిన్ శాసనం చూసి తగిలించాడు. అక్రగాస్ బిషప్ గ్రెగరీ 6వ శతాబ్దం చివర, సంప్రదాయం ప్రకారం 597లో, ఎబెర్, రాప్స్ అనే ఇద్దరు దయ్యాలను వెళ్లగొట్టి దీన్ని పీటర్, పాల్ పేర చర్చి చేశాడని అతని జీవితకథ చెబుతుంది. ఇద్దరు దయ్యాలన్నారంటే జంట దేవతల గుడి అయివుంటుందని కొందరి ఊహ. గర్భగుడి గోడల్లో పక్కకు ఆరు చొప్పున పన్నెండు కమానులు ఇప్పటికీ ఉన్నాయి. 1788లో తర్వాతి గోడలన్నీ పీకి "అసలు" రూపం తెచ్చారు. కమానులను మాత్రం ఎవరూ పూడ్చలేరు కదా. పన్నెండు వందల ఏళ్లు గుడిని కాపాడిన గోడలే పోయాయి. నన్నడిగితే ఆ శుద్ధీకరణ నష్టమే.

సిరక్యూస్‌లో అలా జరగలేదు. అథీనా గుడి క్రీ.పూ. 480 విజయం తర్వాత గెలోన్ కట్టించాడు. 6 × 14 స్తంభాలు, ఎత్తు ఎనిమిదిన్నర మీటర్ల పైన, కప్పుకు పాలరాతి పెంకులు. గుడి మీది డాలు సముద్రంలోకి దూరం దాకా కనిపించేదట. ఓడ బయల్దేరినవాళ్లు అది కనుమరుగైన చోట పూలు, తేనె, సాంబ్రాణి పెట్టిన మట్టిపాత్రను నీళ్లలో వదిలేవాళ్లని ప్రాచీన గ్రీకు రచయిత అథెనేయస్ రాశాడు. లోపలి వైభవం మనకు తెలియడానికి ఒక దొంగ కారణం. సిసిలీని ఏలిన రోమన్ గవర్నర్ వెర్రెస్ ఈ గుడిని దోచుకున్నాడు. క్రీ.పూ. 70లో అతని మీద కేసు నడిపిన రోమన్ వక్త సిసెరో పోయిన వస్తువుల జాబితా ఇచ్చాడు: సిరక్యూస్ రాజు అగాథొక్లీస్ గుర్రపుదళ యుద్ధం చిత్రాలు, సిసిలీ రాజుల చిత్రాలు 27, తలుపుల మీది దంతపు పని, బంగారు బొడిపెలు.

7వ శతాబ్దంలో బిషప్ జోసిమస్ దీన్ని చర్చిగా మార్చాడు. గర్భగుడి గోడకు పక్కకు ఎనిమిది కమానులు. 878లో అరబ్బులు ఊరు గెలిచాక మసీదుగా వాడారని చెబుతారు. 1080లలో ఉత్తర ఫ్రాన్స్ మూలాలున్న నార్మన్లు వచ్చి మళ్లీ చర్చి చేశారు, గోడ పైన కోటబురుజుల్లాంటి పళ్లవరస పెట్టారు. 1693 భూకంపంలో ముందుభాగం కూలింది. 18వ శతాబ్దంలో అంద్రేయా పాల్మా గీసిన బరోక్ ముఖం దాని స్థానంలో లేచింది. ముందు నుంచి చూస్తే గ్రీకు ఆనవాలే కనబడదు. పక్కనున్న మినర్వా వీధిలోకి తిరగండి. ఉత్తర గోడలో డోరిక్ స్తంభాలు, వాటి శీర్షాలు, పైన గీతల పలకలు, ఆపైన నార్మన్ పళ్లు ఒకదానిమీద ఒకటి. భూకంపాలకు కొన్ని స్తంభాలు ఒరిగాయి. మధ్యలో నింపిన గోడే వాటిని పట్టి ఆపింది. లోపలికి వెళ్లగానే తలుపుకు అటూఇటూ ఉన్న రెండు స్తంభాలు గ్రీకు గుడి వెనక మండపానివి. బాప్తిస్మపు తొట్టి కూడా గ్రీకు కాలపు పాలరాతి పాత్రే, కంచు సింహాల మీద నిలబెట్టారు.

సిరక్యూస్ పాత ఊరున్న ఒర్టీజియా దీవి ముఖంలోనే అపోలో గుడి ఉంది. క్రీ.పూ. 6వ శతాబ్దం తొలినాళ్లది, 6 × 17, ఒక్కొక్కటీ ఒకే రాయితో చెక్కిన స్తంభాలు. ఇదీ చర్చి, మసీదు, మళ్లీ చర్చి అయింది. చివరికి స్పానిష్ సైనికుల బారకాసు అయ్యేసరికి దాని రాతలో మార్పు వచ్చింది. పూజ లేని కట్టడానికి మరమ్మతు కూడా అవసరమే లేదనుకున్నారు.

ఓడరేవులో కలిసిన గుడి

దీనికి వ్యతిరేకమైన ఉదాహరణ అగ్రిజెంటో జ్యూస్ గుడి. సుమారు 113 × 56 మీటర్లు. అంత బరువు దూలాలు మామూలుగా రెండు స్తంభాల మధ్య నిలవవు, రాయి అడుగున బీటవేసి విరుగుతుంది. అందుకని స్తంభాల మధ్య గోడ కట్టి, స్తంభాలను సగమే బయటికి చూపారు. దూలాన్ని మోస్తున్నట్టు చేతులెత్తిన రాతి మనుషులను మధ్యలో నిలిపారు. ఒక్కొక్కడూ 7.65 మీటర్లు, చిన్న రాళ్లను పేర్చి చేసినవాడు. స్తంభపు గాడిలో మనిషి ఒదిగి నిలబడగలడని డియోడోరస్ చెప్పాడు. క్రీ.పూ. 406లో ఊరు పడిపోయేనాటికి కప్పు లేదు. గోడ అప్పటికే ఉన్నా మధ్యలో జనం చేరేందుకు కప్పు లేని అంత పెద్ద డొల్లను చర్చిగా మార్చడం ఎవరి తరమూ కాలేదు. నిలిచిన ఆఖరి ముక్క 1401లో కూలింది. 18వ శతాబ్దంలో ఆ రాళ్లను బళ్లకెత్తి పోర్టో ఎంపెడోక్లే రేవు కట్టకు వేశారు. గుడి దగ్గర నేల మీద పడుకోబెట్టింది రాతి మనిషి నకలు, అసలువాడు మ్యూజియంలో ఉన్నాడు.

అగ్రిజెంటో పోస్టుకార్డుల మీద ఉండే నాలుగు స్తంభాల మూల, డియోస్కూరీ గుడి పేరుతో ఉన్నది, 19వ శతాబ్దంలో వేర్వేరు ముక్కలతో పేర్చింది. సెలినుంటేలో ఇ గుడిని 1956–59లో పడిన రాళ్లతో తిరిగి నిలబెట్టారు, లోపల కాంక్రీటు వాడారు. కాంక్రీటులోని ఇనుము తుప్పుపడితే ఉబ్బి రాయిని చీలుస్తుంది, అందుకే అలాంటి మరమ్మతు ఇప్పుడు చేయరు. ఫొటోకు మాత్రం అదే అందంగా వస్తుంది.

పలెర్మో గురించి రెండు ముక్కలు

అక్కడ గ్రీకు గుడి లేదు, అలవాటు మాత్రం అదే. 831లో అరబ్బులు ఊరు తీసుకున్నాక పెద్ద చర్చి మసీదైంది, 1072లో నార్మన్లు తిరిగి చర్చి చేశారు. ఇప్పటి కట్టడం 1185లో మొదలైంది. దక్షిణ మండపంలో ఒక స్తంభం మీద ఖురాన్ వాక్యం చెక్కి ఉంది, దాన్ని తీసేయలేదు. నార్మన్ రాజు రెండో రోజర్ ప్రార్థనా మందిరంలో గోడలకు గ్రీకు పనివాళ్ల బంగారు మొజాయిక్, నడిమి శాలకు అరబ్బు చెక్కపని కప్పు. గుమ్మటం కింది గ్రీకు శాసనంలో తేదీ 1143. మెడ నొప్పి పుట్టినా కప్పు వైపే ఎక్కువసేపు చూడండి, చిన్న బైనాక్యులర్స్ ఉంటే మరీ మంచిది. అందులో వాయిద్యగాళ్లు, తాగేవాళ్లు, వేటగాళ్లు బొమ్మలుగా ఉన్నారు, చర్చి కప్పు మీద!

వెళ్లే వరుస

పడమటి నుంచి తూర్పుకు వెళ్లడమే మేలు: కూసా గని, సెలినుంటే, సెజెస్తా, అగ్రిజెంటో, చివర సిరక్యూస్. గని, సగం కట్టిన గుడి, కట్టి మార్చిన గుడి, ఇంకా పూజ సాగుతున్న గుడి వరుసగా వస్తాయి. కూసాలో నీడ, నీళ్లు దొరకవనుకునే వెళ్లండి. గుళ్ల ముఖాలు తూర్పుకు కాబట్టి పొద్దున్నే వెళ్తే ముందుభాగం వెలుగులో ఉంటుంది. అగ్రిజెంటోలో హేరా గుడి గోడల మీద ఎర్రబారిన రాళ్లు క్రీ.పూ. 406 మంటల గుర్తులు, సాయంత్రపు ఎండలో చూస్తే రంగు తేడా తెలియదు.

సిరక్యూస్ చర్చిలో భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి. ఊరి పునీతురాలు లూసియా వెండి విగ్రహాన్ని డిసెంబర్ 13న ఊరేగింపుగా బయటికి తీసుకెళ్లి 20న తిరిగి తెస్తారు. 13న సిసిలీలో రొట్టె మానేసి ఉడకబెట్టిన గోధుమలు తింటారు. ఇది గోధుమల తల్లి దెమెటర్ పూజకు కొనసాగింపే అని గైడ్లు ఘంటాపథంగా చెబుతారు. ఊరివాళ్లు చెప్పే కథ మాత్రం 1646 కరువులో రేవుకు వచ్చిన గోధుమ ఓడది, రెంటినీ కలిపే పత్రమేదీ గైడ్లు చూపరు. కట్టడం చూడాలనుకుంటే ఆ వారం మానుకోండి, జనంలో స్తంభాల దగ్గరికి కూడా చేరలేరు.